చిన్న అంగీ కుట్టే అమ్మకు

ధ్యాన భాగం: 1 సమూయేలు 2:18-19, 3:1-15

పిల్లల్ని ఇంట్లోనే చదివించుకునే ఇల్లు మధ్యాహ్నం రెండు గంటలకు ఎలా ఉంటుందో నీకు తెలుసు చెల్లీ. లెక్కల పుస్తకం పక్కనే పెరుగు గిన్నె. ఉతికిన బట్టలు మడత పడకుండా మంచం మీదే ఉన్నాయి. రేపటి ఇడ్లీలకు మినప్పప్పు ఇంకా నానబెట్టలేదు. చిన్నవాడు ఏడో ఎక్కం మధ్యలో ఆపేసి, కిటికీ చువ్వలు పట్టుకుని బయటికి చూస్తున్నాడు. పెరట్లో మందార కొమ్మకు తేనెపిట్ట గూడు అల్లుకుంటోంది. ఒకసారి పీచు తెస్తుంది, ఇంకోసారి సాలెగూటి పోగులు తెచ్చి అతికిస్తుంది. వాడికి ఇక ఏడో ఎక్కం గుర్తుంటుందా?

నువ్వు గడియారం వంక చూస్తావు. ఈ వారం పూర్తి చేయాలనుకున్న పాఠం సగంలోనే ఉంది. వాణ్ణి పిలిచి కూర్చోబెట్టాలా, ఇంకాసేపు చూడనివ్వాలా? పిట్టను చూడటం చదువు కిందకు వస్తుందా, చదువు ఎగ్గొట్టడం కిందకు వస్తుందా?

ఇంత చిన్న ప్రశ్న రాత్రయ్యేసరికి ఎంతో పెద్దదవుతుంది. మొన్న పెళ్లిలో అత్తగారి తరఫు వాళ్లు అడిగిన మాట గుర్తుకొస్తుంది. "బడికి పంపకపోతే నలుగురిలో ఎలా మసలుతారమ్మా? పదో తరగతి సంగతేంటి?" నువ్వు నవ్వి ఏదో సర్ది చెప్పి ఉంటావు. పిల్లలు నిద్రపోయాక, దీపం ఆర్పాక, ఆ మాటే మళ్లీ వచ్చి పక్కన కూర్చుంటుంది. నా వల్ల వీళ్లకేమైనా తక్కువవుతుందా? పెద్దదానికి బొమ్మల పిచ్చి, నాకేమో ముగ్గు కూడా సరిగ్గా పెట్టడం రాదు. చిన్నవాడికి పిట్టల పిచ్చి, నాకు కాకి, గోరింక, చిలక తప్ప ఇంకో పేరు తెలియదు. నాకే రానిది వీళ్లకేం నేర్పగలను?

ఆ బెంగతోనే ఇవాళ వాక్యం దగ్గరికి రా. కాసేపు కూర్చుందాం.

పదో తరగతి గురించి ముందు ఒక్క మాట చెప్పేస్తాను, ఆ భయమన్నా తగ్గుతుంది. జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ, మనం ఎన్‌ఐఓఎస్ అంటామే, 1989 నుంచి ఉంది. 14 ఏళ్లు నిండిన పిల్లలు దాని ద్వారా పదో తరగతి రాయొచ్చు. తెలుగులోనూ రాయొచ్చు. ఒకసారి పేరు నమోదు చేసుకుంటే ఐదేళ్లు గడువు, ఆ గడువులో తొమ్మిది అవకాశాలు. ఒక్కో సబ్జెక్టూ పూర్తి చేసుకుంటూ పోవచ్చు. దారి ఉంది చెల్లీ. నీకు ముందే ఎవరో ఆ దారి వేసి ఉంచారు. రాత్రి రెండు గంటలకు లేచి కూర్చుని ఆ దారిని కొత్తగా వేయాల్సిన పని నీకు లేదు.

ఇప్పుడు హన్నా దగ్గరికి వెళ్దాం.

ఎన్నో ఏళ్లు ఏడ్చి, అడిగి, కన్న బిడ్డ సమూయేలు. పాలు మాన్పించాక ఆ బిడ్డను షిలోహులో ప్రభువు మందిరంలో వదిలి వచ్చింది. మనం ఆమె ప్రార్థన గురించి, ఆమె కన్నీళ్ల గురించి ఎన్నో ప్రసంగాలు విన్నాం. ఆ తర్వాత వచ్చే ఒక చిన్న సంగతి దగ్గర మాత్రం ఎక్కువసేపు ఆగం. ఆమె ఏటేటా ఒక చిన్న అంగీ కుట్టి, భర్తతో కలిసి బలి అర్పించడానికి వెళ్లినప్పుడు బిడ్డకు తీసుకువెళ్లేది.

ఏటేటా అంటే ఏమిటో ఆలోచించు. కిందటేడు అంగీ ఈ ఏడు పట్టదు. పిల్లవాడు ఎంత పెరిగి ఉంటాడో ఇంటి దగ్గర కూర్చుని అంచనా వేసుకోవాలి. భుజాలు ఎంత, చేతులు ఎంత పొడవు. కుట్టేటప్పుడు ఎన్నిసార్లు ఆపి, వేళ్లతో కొలుచుకుని ఉంటుందో. మందిరంలో పరిచర్య ఎలా చేయాలో హన్నా నేర్పలేదు. ధూపం ఎలా వేయాలో, దీపం ఎప్పుడు సరిచేయాలో ఆమెకు తెలియకపోవచ్చు. అది నేర్పే మనిషి వేరే ఉన్నాడు. పిలిచే దేవుడు వేరే ఉన్నాడు. ఆమె చేయగలిగింది, బిడ్డ ఎంత పెరిగాడో గమనించడం, ఆ పెరుగుదలకు సరిపోయే అంగీ కుట్టి తీసుకెళ్లడం. ఆ తల్లి చేసిన పని చిన్నదని దేవుడు అనుకోలేదు. అందుకే దాన్ని తన గ్రంథంలో రాయించి ఉంచాడు.

నీకూ అదే పని అప్పగించాడేమో చెల్లీ. నీ బిడ్డలోని ఇష్టాన్ని నువ్వు తయారు చేయలేదు. అది వాడు పుట్టినప్పుడే వాడితో వచ్చింది. పెట్టినవాడు పైన ఉన్నాడు. దాన్ని పెంచే బరువంతా నీ నెత్తి మీద పెట్టి ఆయన పక్కకు తప్పుకోలేదు.

నాకు ఎప్పుడూ గుర్తొచ్చే ఒక నిజమైన కథ చెప్తాను. బొంబాయిలో ఒక కుర్రాడు. తల్లీ తండ్రీ ఇద్దరూ చిన్నప్పుడే పోయారు, మేనమామ అమీరుద్దీన్ త్యాబ్జీ పెంచాడు. ఆ కుర్రాడు ఒకరోజు గాలి తుపాకీతో ఒక పిచ్చుకను కొట్టాడు. దగ్గరికి వెళ్లి చూస్తే దాని గొంతు మీద పసుపు మచ్చ. ఇలాంటి పిచ్చుక ఎప్పుడూ చూడలేదే అని మామయ్య దగ్గరికి పట్టుకెళ్లాడు. మామయ్యకూ తెలియలేదు. అయితే ఆయన విసుక్కోలేదు, తనకు తెలిసినట్టు ఏదో ఒక పేరు చెప్పి పంపించేయలేదు. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ కార్యదర్శి మిల్లార్డ్ దగ్గరికి చీటీ రాసిచ్చి పంపాడు. మిల్లార్డ్ ఆ పిచ్చుక పేరు చెప్పి అంతటితో ఊరుకోలేదు. సొరుగు తర్వాత సొరుగు లాగి, భద్రపరిచిన పక్షులన్నీ చూపించాడు. చదువుకోమని పుస్తకాలిచ్చాడు. అది 1908 నాటి మాట. ఆ కుర్రాడే సలీం అలీ. భారతదేశపు పక్షుల గురించి ప్రపంచానికి చెప్పిన మనిషి. 1931లో నిజాం రాజ్యంలోని పక్షులను లెక్క కట్టడానికి మన తెలంగాణ అడవుల్లోనూ తిరిగాడు.

మామయ్యకు పిట్ట పేరు తెలియదు. ఎవరికి తెలుసో తెలుసు. అంతే. ఒక జీవితం తిరగడానికి అది సరిపోయింది.

పరలోకపు తండ్రికి తెలియకుండా ఒక్క పిచ్చుక కూడా నేల రాలదని ప్రభువు మనకు చెప్పాడు కదా. ఆ మేనమామకు, ఆ కుర్రాడికి తెలియకపోయినా, ఆ మధ్యాహ్నం అక్కడ ఇంకొకరు చూస్తూనే ఉన్నారని నేను నమ్ముతాను. నీ ఇంట్లో కిటికీ దగ్గర నిలబడ్డ పిల్లవాణ్ణి కూడా ఆయన చూస్తున్నాడు.

మరి ఆ ఇష్టాన్ని ఎటు తీసుకెళ్లాలి? క్లాసుల్లో చేర్పించడానికి అందరి దగ్గరా డబ్బు ఉండదు, అందరి ఊళ్లలో క్లాసులూ ఉండవు. నేను చూసినంతలో, పిల్లల ఇష్టం బాగా వేళ్లూనే చోటు ఒకటుంది. ఆ ఇష్టం ఇంకొకరికి అవసరమైన చోటు అది.

మా సంఘంలో ఒక అమ్మాయి ఉంది, పదమూడేళ్లుంటాయి. ఇంట్లోనే చదువుకుంటోంది. కథల పుస్తకం చేతిలో ఉంటే అన్నం సంగతి మరిచిపోతుంది. "ఎవరితోనూ కలవదు, ఎప్పుడూ పుస్తకంలోనే తల" అని వాళ్లమ్మ బెంగ. వాళ్ల వీధి చివర రిటైరైన మాస్టారు ఒకాయన ఉన్నారు. నీటికాసుల వల్ల చూపు పోయింది. పేపరు చదవకుండా రోజు గడవని మనిషికి ఆ చీకటి ఎంత కష్టమో ఊహించు. ఒకరోజు ఆ తల్లి కూతురితో, "తాతగారికి సాయంత్రం పేపరు చదివి పెడతావా?" అంది. మొదట్లో తల్లే వెంట వెళ్లి వరండాలో కూర్చునేది.

ఆ పిల్లకు తాతగారు ళ, ల తేడాగా పలకడం నేర్పారు. శ, ష, స దగ్గర ఆపి మళ్లీ చదివించారు. ఒకరోజు పేపర్లో తుపాను హెచ్చరిక వార్త వస్తే, ఆయన 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన గురించి చెప్పారు. ఆ రోజుల్లో ఆయన అటువైపే పనిచేశారు. అమ్మాయి ఇంటికి వచ్చి మ్యాపు తీసింది. కృష్ణ ఎక్కడ రెండు పాయలవుతుంది, దివిసీమ ఎక్కడుంది, సముద్రం అంత లోపలికి ఎలా వచ్చింది అని అడిగింది. తల్లికి తెలియదు. ఇద్దరూ కలిసి వెతుక్కున్నారు. ఇప్పుడు ఆ పిల్ల వీధిలోని పెద్దవాళ్ల దగ్గరికి నోటుబుక్కు పట్టుకుని వెళ్లి, మీ చిన్నప్పటి సంగతులు చెప్పమని అడిగి రాసుకుంటోంది. ఎవరితోనూ కలవని పిల్ల!

ఇక్కడే సమూయేలు దగ్గరికి మళ్లీ రావాలనిపిస్తోంది. మందిరంలో ఆ బాలుడు ఎవరికి సాయంగా ఉన్నాడు? యాజకుడైన ఏలీకి. ఏలీ ముసలివాడు, చూపు మందగించిన మనిషి. రాత్రి తన పేరు వినిపించగానే సమూయేలు ఏలీ దగ్గరికే పరుగెత్తాడు. నేను పిలవలేదు, వెళ్లి పడుకో అంటే వెళ్లి పడుకున్నాడు. మళ్లీ వినిపిస్తే మళ్లీ లేచాడు. మూడోసారీ వెళ్లాడు. నిద్రకళ్లతో లేచిన ఆ పిల్లవాడు ఒక్కసారీ సణగలేదు. పెద్దాయన పిలిస్తే లేచి వెళ్లడం వాడికి అలవాటైపోయింది. ఆ అలవాటులోనే దేవుని పిలుపు వాడికి అందింది. తెల్లవారాక ఆ బాలుడు చేసిన మొదటి పని ఏమిటో చూడు: మందిరం తలుపులు తెరిచాడు. అంత గొప్ప దర్శనం కలిగిన తర్వాత కూడా, రోజూ చేసే పనే.

నీ పిల్లలు సేవ చేసే చోట వాళ్లకు ఒక నైపుణ్యం వస్తుందని నేను ఆశ పెట్టుకుంటాను. అంతకంటే ఎక్కువగా, పిలిస్తే లేచే పిల్లలవుతారని ఆశ పెట్టుకుంటాను.

అవకాశాలు మనం అనుకున్నంత దూరంలో ఉండవు. విశాఖపట్నం తీరంలో అయితే, ఏటా జనవరి నుంచి ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రిళ్లు ఒడ్డుకు వచ్చి ఇసుకలో గుడ్లు పెడతాయి. ఒక్కో గూటిలో దాదాపు వంద. అటవీ శాఖవాళ్లు వాటిని సేకరించి, కంచె వేసిన చోట ఇసుకలో పాతి కాపాడతారు. గుడ్లను ముట్టుకోవడం పిల్లల పని కాదు, ముట్టుకోకూడదు కూడా. ఆ ఒడ్డున ప్లాస్టిక్ సంచులు, తెగిన వల ముక్కలు ఏరడం మాత్రం పిల్లలు చేయగలిగిన పనే. అలా ఏరుతున్న పిల్లకు, ఇసుక ఎంత వెచ్చగా ఉందన్నదాన్ని బట్టి గుడ్డులోని పిల్ల ఆడదో మగదో తేలుతుందని చెప్పి చూడు. కళ్లు ఎంత పెద్దవవుతాయో! ఏడెనిమిది వారాలకు గుడ్లు పగిలి, బుల్లి తాబేళ్లు వెలుగు కనిపించే దిక్కుకు నడుస్తాయి. ఒడ్డున కరెంటు దీపాలు వెలుగుతుంటే సముద్రం అనుకుని అటు పోతాయి. ఆ సంగతి తెలిసిన పిల్ల, సముద్రం ఒడ్డున ఇల్లున్న బంధువుల దగ్గరికి వెళ్లి, రాత్రి డాబా మీద లైటు ఆర్పమని తనే అడుగుతుంది. అడగమని నువ్వు చెప్పాల్సిన పని ఉండదు.

సముద్రం లేని ఊరా? ఫిబ్రవరిలో నాలుగు రోజులు ప్రపంచమంతా పిట్టలను లెక్కపెట్టే కార్యక్రమం ఒకటుంది. గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ అంటారు. 1998లో అమెరికాలో మొదలైంది, 2013 నుంచి అన్ని దేశాల్లోనూ జరుగుతోంది. పెరట్లోనో డాబా మీదో పదిహేను నిమిషాలు కూర్చుని, కనిపించిన పిట్టలను లెక్కపెట్టి నమోదు చేస్తే చాలు. మీ ఊళ్లో పికిలిపిట్టలు ఎన్ని, జెముడుకాకులు ఎన్ని, చెరువు గట్టున లకుముకి పిట్ట కనిపించిందా లేదా అన్నది పక్షుల మీద పరిశోధన చేసేవాళ్లకు పనికొస్తుంది. మీ చిన్నవాడి పిట్టల పిచ్చికి ఒక చోట అవసరం ఉంది, చూశావా?

ఇంకా దగ్గరగా కావాలంటే మన సంఘమే ఉంది. ఆదివారం ఆరాధనకు ముందు చాపలు పరిచేవాళ్లు కావాలి. మైకు సరిచేసేవాడి పక్కన నిలబడి వైర్లు చుట్టే కుర్రాడు కావాలి. వేసవిలో వీబీఎస్, అంటే సెలవుల బైబిల్ బడి, వస్తే చిన్నపిల్లలకు రంగు కాగితాలు కత్తిరించి పెట్టడానికి, గోడకు బొమ్మలు గీయడానికి చేతులు చాలవు. మీ పెద్దదాని బొమ్మల పిచ్చి అక్కడ ఎంత పనికొస్తుందో మీ సండేస్కూల్ టీచరును అడిగి చూడు.

ఒక్క సంగతి మాత్రం గట్టిగా చెప్పాలనుంది. ఎక్కడికి పంపినా ముందు నువ్వో మీ ఆయనో వెళ్లి చూడండి. ఆ చోటు, ఆ మనుషులు మీకు తెలిసి ఉండాలి. మొదటి రోజుల్లో వెంట ఉండాలి. సేవ పేరుతో కూడా పిల్లల్ని తెలియని చోట ఒంటరిగా వదలకూడదు. ఇది అపనమ్మకం అనుకోవద్దు, కాపరి బుద్ధి ఇది. ఇంకో సంగతి: సర్టిఫికెట్ కోసం, స్టేటస్‌లో ఫొటో పెట్టుకోవడం కోసం పిల్లల్ని తోయవద్దు. తాము చేసే మంచి పని ఎవరికోసమో పిల్లలకు ఇట్టే తెలిసిపోతుంది. తాతగారికి పేపరు చదవడం తాతగారి కోసమైతే ఆ పిల్ల వర్షంలో కూడా వెళ్తుంది. మన గొప్ప కోసమైతే నాలుగో రోజుకే కడుపునొప్పి అంటుంది.

ఇష్టాలు మారితే దిగులుపడకు. ఆరు నెలలు రాళ్లు ఏరి అట్టపెట్టెల్లో దాచినవాడు, ఏడో నెల తబలా కావాలంటాడు. ఆ ఆరు నెలలూ వృథా అయ్యాయని ఎందుకనుకోవాలి? కూర్చుని ఒకదాన్ని శ్రద్ధగా చూడటం వాడికి వచ్చింది. అది ఎక్కడికీ పోదు.

ఇదంతా చదువుతూ, "అక్కా, నాకిప్పుడు బయటికి అడుగు పెట్టే పరిస్థితే లేదు" అంటున్నావేమో. ఒళ్లో పసిబిడ్డ ఉండొచ్చు. అత్తగారు మంచాన పడి ఉండొచ్చు. మీ ఆయన పని ఊరి నుంచి ఊరికి మారుతుండొచ్చు. అలాంటి రోజుల్లో దేవుడు ఇంకో పనుల పట్టీ పట్టుకుని నిన్ను ప్రశ్నించడు. నానమ్మకు మాత్రలు టైముకు అందించే పిల్ల సేవే చేస్తోంది. ఏ మాత్ర దేనికో అడిగి తెలుసుకుంటే అది సైన్సే. తమ్ముణ్ణి ఆడించి అమ్మకు అరగంట నడుం వాల్చే వీలిచ్చిన అన్న, ఆ రోజు ఎక్కాలు రాయకపోయినా ఖాళీగా గడపలేదు. చాలా రోజులు మన ఇళ్లలో జరిగేది ఇంతే. ఇంతే అయినా, చూసేవాడు చూస్తున్నాడు.

నువ్వు అలసిపోయావని ఆయనకు తెలుసు. ఇల్లంతా నిద్రపోయాక మాడిన గిన్నె తోముతూ నువ్వు లోలోపల అడిగినది కూడా ఆయనకు వినపడింది. బిడ్డ కోసం ప్రార్థించినప్పుడు హన్నా కూడా పెదవులు కదిపిందే తప్ప పైకి అనలేదు. అయినా ఆయన విన్నాడు.

ఈ వారం ఒక చిన్న తీర్మానం చేసుకుందామా? ఒక్క బిడ్డను తీసుకో. అందరినీ ఒకేసారి కాదు. రెండు మూడు రోజులు ఏమీ అనకుండా గమనించు. చెప్పకుండానే దేని దగ్గరికి పోతున్నాడు, దేని గురించి అన్నం తింటూ కూడా మాట్లాడుతున్నాడు? తర్వాత ప్రార్థనలో ఒక్క ప్రశ్న అడుగు: ప్రభువా, ఇది ఎవరికి అవసరం? జవాబుగా ఒక మనిషో, ఒక చోటో గుర్తుకొస్తుంది. వారంలో ఒక్క గంట దానికి కేటాయించు. ఆ గంటకు మార్కులు వేయకు. తిరిగి వచ్చాక ఏం నేర్చుకున్నావని అడగకు, ఏమైంది అని అడుగు.

ప్రార్థన: తండ్రీ, మా పిల్లల్లో నువ్వు పెట్టినదాన్ని చూసే కళ్లు మాకివ్వు. మాకు రానిది నేర్పే మనుషుల్ని దారిలో కలుపు. పిలిస్తే లేచి వెళ్లే పిల్లలుగా వీళ్లను పెంచు. మా అలసటను నీ చేతుల్లోకి తీసుకో. యేసు నామంలో అడుగుతున్నాం, ఆమెన్.

పిట్టల గురించి తెలిసినవాళ్లు, బొమ్మలు వేసేవాళ్లు, చూపు తగ్గిన పెద్దవాళ్లు నీకు తెలిసినవాళ్లలో ఒక్కరైనా ఉండే ఉంటారు. వాళ్ల పేరు నీకు ఇప్పటికే గుర్తొచ్చి ఉంటుంది. రేపు పొద్దున పుస్తకాలు తీయకముందే వాళ్లకొక ఫోన్ చెయ్యి చెల్లీ.